తొమ్మిదో గడిలో టిక్కు

నేను ఏడేళ్ళుగా దాచిన బరువు నాలుగు వందల ముప్ఫై గ్రాములు. వంటింటి తూకం మీద పెట్టి చూశాను. ఒకసారి కాదు, ఏటా ఒకసారి. మారదు. మారదని తెలుసు. అయినా పెట్టి చూస్తాను.

అదొక ఉక్కు ముక్క. జీపు ముందు చక్రం దగ్గర బండి బరువును మోసే కమాన్ కట్ట ఉంటుంది. ఒకదాని కింద ఒకటి పేర్చిన పట్టీలు. వాటిలో అన్నిటికంటే పొడవైన పై పట్టీ కొస ఇది. ఒక చివర గుండ్రంగా చుట్టిన కన్ను. రెండో చివర విరిగిన ముఖం. పాత నూలుచీర ముక్కలో చుట్టి, సన్నగా నూనె రాసి, నా బీరువాలో బైబిలు ఉండే అరకు కింది అరలో పెట్టాను. నూనె ఎందుకంటే, తుప్పు పడితే విరిగిన ముఖం మీది గుర్తులు చెరిగిపోతాయి. ఆ గుర్తులు చదవగలిగిన మనిషిని ఈ ఇంట్లో నేనొక్కదాన్నే. చదివాను. చదివి కూడా చదవనట్టు మాట్లాడాను. మీకు చెప్పబోయేది అదే.

నా పేరుతో మీకు పని లేదు. వయసు డెబ్బై రెండు. మాది గుంటూరు వైపు. ఈ నగరంలో ఒక యంత్రాల కర్మాగారంలో, తనిఖీ విభాగంలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు పనిచేశాను. నా పని పగుళ్ళు వెతకడం. ముక్కను శుభ్రం చేసి, ఎర్రరంగు పూసి, తుడిచేసి, పైన తెల్లపొడి చల్లితే, మామూలు కంటికి కనిపించని పగులు ఎర్రటి వెంట్రుకలా పైకి తేలుతుంది. తేలితే ఆ ముక్క పక్కకు. నేను పక్కన పెట్టినది తుక్కులోకి పోయేది. అక్కడితో దానికీ నాకూ సంబంధం తెగేది.

ఇది గుర్తుంచుకోండి, ఎందుకంటే నా తప్పు ఇక్కడి నుంచే మొదలైందని నా అనుమానం. వర్క్‌షాపులో పనివాళ్ళు నాతో పోట్లాడేవారు. "ఇంత సన్నగీతకు ఏమవుతుంది మేడం, ఇంకో పదేళ్ళు నడుస్తుంది" అనేవారు. నేను వినేదాన్ని కాదు. వినకపోవడమే నా ఉద్యోగం. కానీ వాళ్ళు చెప్పింది అబద్ధమని నాకు ఎలా తెలుసు? నేను పక్కన పెట్టిన ఏ ముక్కనూ విరిగేదాకా చూడలేదు. పదవీ విరమణ రోజున శాలువా కప్పారు. ఆ శాలువా కప్పుకుని కుర్చీలో కూర్చుని నేను ఆలోచించింది ఒకటే. నేను పక్కన పెట్టినవాటిలో నిజంగా ఎన్ని విరిగేవి? ఎప్పుడు విరిగేవి?

షారోన్ నా కోడలు. హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వారమంతా అద్దాల మేడలో కూర్చుని, ఆదివారం తెల్లవారగానే పాత జీపు వేసుకుని రాళ్ళగుట్టల మీదికి పోయే మనిషి. ఆమెలాగే ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు పదిహేను మంది ఒక గుంపుగా వెళ్ళేవారు. మేముండేది పుప్పాలగూడలో. అప్పట్లో మా అపార్ట్‌మెంటు దాటితే గుట్టలూ క్వారీ గుంతలే. ఇప్పుడు అక్కడ మేడలు లేచాయి. మా అబ్బాయికి బండ్ల సరదా లేదు. ఆదివారం అతను నన్ను చర్చికి తీసుకెళ్ళేవాడు. షారోన్ గుట్టలకు పోయేది.

మా ఆయన చనిపోయిన ఏడాది తర్వాత, ఒక శనివారం సాయంత్రం, ఆ అమ్మాయి నా చేతిలో ఒక అట్ట పెట్టింది. దానికి క్లిప్పుతో ఒక కాగితం. కాగితం మీద ఇరవై రెండు గడులు.

"అత్తయ్యా, మీ కళ్ళు సీరియళ్ళు చూడ్డానికి పుట్టినవి కావండి. వారం వారం నా బండి చూసిపెట్టండి. మీరు టిక్కు పెట్టకపోతే నేను తాళం ముట్టుకోను."

ఆ మాట నా మీద జాలితో అన్నదని నాకు తెలుసు. తెలిసినా సంతోషపడ్డాను. సెల్లారులో జీపు పక్కన చిన్న పీట వేసుకుని, టార్చి, భూతద్దం, పళ్ళ డాక్టరు వాడే లాంటి పొడవాటి కాడ ఉన్న అద్దం, ఆరంగుళాల ఉక్కు స్కేలు పెట్టుకుని కూర్చునేదాన్ని. మా కర్మాగారం నియమాలు కాగితం వెనక రాశాను. ముఖ్యమైనది ఇది. తప్పు రాస్తే చెరపకూడదు. ఒకే గీత కొట్టాలి, కిందిది కనిపిస్తూ ఉండాలి. పక్కన సరైనది రాసి, సంతకం చేసి, దిద్దిన రోజు తేదీ వేయాలి. రాసిన రోజు తేదీ కాదు, దిద్దిన రోజు తేదీ.

షారోన్ చదివి నవ్వింది. "అత్తయ్యా, ఇది జీపండి. రాకెట్టు కాదు."

తొమ్మిదో గడి, ముందు ఎడమవైపు కమాన్ కట్ట.

ఆ కట్టలో పై పట్టీ చేసినవాడు యాదగిరి. బోరబండలో రైలు స్టేషనుకు దగ్గర్లో అతనికి కమాన్ కట్టల కొట్టు ఉండేది. నల్లగొండ వైపు మనిషి. తండ్రి నుంచి వచ్చిన పని. షారోన్ గుంపులో సగం బండ్లు అతని దగ్గరికే పోయేవి. పట్టీ మార్చిన రోజు నేనూ వెళ్ళాను, చూద్దామని. అతను ఉక్కు బద్ద కోసి, పొయ్యిలో కాల్చి, కొస చుట్టి కన్ను చేసి, మళ్ళీ కాల్చి నూనెలో ముంచుతున్నాడు. పదును పెట్టడం అంటారు దాన్ని. పదును తప్పితే ఉక్కు గాజులా పెళుసుగా మారుతుంది. లేదా సీసంలా వంగుతుంది. మా దగ్గర ఈ పనికి మీటర్లు, పట్టికలు ఉండేవి. అతని దగ్గర ఏమీ కనిపించలేదు.

"ఎన్ని డిగ్రీల వేడి?" అని అడిగాను.

"డిగ్రీలు మీ కోడలు మేడం కాడుంటయమ్మా, రెండో మూడో. నా కాడ యాడియి? పట్టీ రేగుపండు రంగుకు రావాలె. గంతే."

తర్వాత పట్టీని తీగకు వేలాడదీసి సుత్తితో ఒక్కటి కొట్టాడు. మోగింది. చాలాసేపు మోగింది.

"ఇనవడ్డదా? మంచి పట్టీ మోగుతది. లోపల పగులుంటే మొద్దుగ పలుకుతది."

"చెవితో తనిఖీ చేస్తావా?"

"మీరు కండ్లతోని చేస్తలేరా?"

కొట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఇంటికి వచ్చాక ఆ మోత నా చెవిలో మిగిలిపోయింది. రంగు చూసి పదును పెట్టిన పట్టీ ఎంతకాలం నిలుస్తుంది? మీటరు లేకుండా చేసిన ఉక్కు ఎలాంటి ఉక్కు? నాకు నిజంగా తెలుసుకోవాలనిపించింది. ఈ మాట మీరు నమ్మాలి, ఎందుకంటే నా దగ్గర సంజాయిషీ అనేది ఏదైనా ఉంటే అది ఇదొక్కటే. అది సంజాయిషీగా పనికిరాదని కూడా నాకు తెలుసు.

జూన్ చివర్లో ఒక శనివారం, ఆ పట్టీ కొసన చుట్టిన కన్నుకు నాలుగు వేళ్ళ దూరంలో, అంచు మీద ఒక గీత కనిపించింది. మూడు మిల్లీమీటర్లు. గీతలోంచి కొద్దిగా తుప్పునీరు కారిన మరక. గుట్టల్లో ఏదో రాయి ఆ అంచుకు గట్టిగా తగిలినట్టు పక్కనే చిన్న నొక్కు ఉంది. గీత ఆ నొక్కులోంచే బయలుదేరింది. పట్టీ వెడల్పు నలభై నాలుగు. మొదట అది గీరుడేమో అనుకున్నాను. అనుకోవడం తప్పు కాదు. ఒక వారం చూద్దాం అనుకుని టిక్కు పెట్టాను.

రెండో శనివారం ఒక చుక్క డీజిల్ రాసి, తుడిచి, సుద్దపొడి అద్దాను. రెండు నిమిషాల్లో సుద్ద మీద తడిగీత తేలింది. పగులే. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఎన్ని వేలసార్లు చూశానో ఆ గీతను. చూసిన ప్రతిసారీ నా చెయ్యి, పనికిరాదని గుర్తు వేసే ఎర్రరంగు డబ్బా వైపు పోయేది. ఆ రోజు పోలేదు. నేను పీట మీద అలాగే కూర్చున్నాను. నా గుండె కొట్టుకోవడం నాకు తెలుస్తోంది. భయంతో కాదు. నిజం చెప్పాలి కదా, ఆసక్తితో.

టిక్కు పెట్టాను. పైకి వచ్చి, నా దగ్గరున్న చిన్న డైరీ తీసి, తేదీ, పగులు పొడవు, జీపు తిరిగిన కిలోమీటర్లు రాసుకున్నాను.

షారోన్ నా వేళ్ళు చూసింది. "ఏంటత్తయ్యా, ముగ్గులు వేసొచ్చారా?"

"సుద్ద" అన్నాను. అది అబద్ధం కాదు. అందుకే సులువుగా నోట్లోంచి వచ్చింది.

అలా పదకొండు శనివారాలు. డైరీ ఇప్పుడు నా ముందే ఉంది, చూసి రాస్తున్నాను. మూడు, మూడు, నాలుగు, నాలుగు, ఐదు, ఏడు, ఏడు, ఎనిమిది, పది, పదకొండు, పద్నాలుగు. బండి గుట్టలకు పోని వారం పగులు పెరగలేదు. అలాంటివి మూడు వారాలు. పోయిన ప్రతి ఆదివారం తర్వాత పెరిగింది. ఎంత అందంగా ఉందో ఆ లెక్క. ఈ మాట రాయడానికి చెయ్యి జంకుతోంది, కానీ రాస్తాను. అందంగా ఉండేది. శనివారం కోసం ఎదురుచూసేదాన్ని. ఆ మూడు నెలలూ మా ఆయన లేని ఇల్లు నాకు బరువనిపించలేదు.

మీరు అడుగుతారు, ఆ బండిలో మనిషి ఉంటుంది కదా అని. నేనూ అడిగాను. అడిగి, ఒక హద్దు పెట్టుకున్నాను. పది మిల్లీమీటర్లు రాగానే చెబుతాను. పది వచ్చింది. చెప్పలేదు. పన్నెండు అన్నాను. వర్క్‌షాపులో హద్దు జరిపిన మనిషిని నేను ఎంత మాట అనేదాన్నో నాకు గుర్తుంది. ఒకతన్ని ఏడిపించాను కూడా. మరి నా హద్దు నేనే జరిపినప్పుడు నా లోపల ఎవరూ నన్ను ఎందుకు ఏమీ అనలేదు? పదకొండో శనివారం పద్నాలుగు చూశాక, ఇక చాలు, సోమవారం చెప్పేస్తాను అనుకున్నాను. ఎందుకు సోమవారం? ఎందుకు ఆ సాయంత్రమే కాదు? ఇంకొక్క ఆదివారం లెక్క కావాలనిపించింది. అంతే. ఏడేళ్ళు వెతికాను, ఇంతకంటే మంచి కారణం దొరకలేదు.

వేరే కారణాలు లేవా అని కూడా వెతికాను. ఆదివారం చర్చికి రాని కోడలు మీద లోపల ఎక్కడైనా కోపం ఉందా? ఉంది. కొద్దిగా ఉంది. ఆమెకేదైనా జరగాలని కోరుకున్నానా? లేదు. ఈ రెండు జవాబులూ రాసి పక్కపక్కన పెట్టి చూస్తాను. రెండోదాని మీద నాకు నమ్మకం ఉంది. పూర్తి నమ్మకం ఉందా అంటే, కంటికి కనిపించని పగులు ఉండదని నేను ఏ ముక్క గురించీ ఎప్పుడూ సంతకం చేయలేదు.

సెప్టెంబరులో ఆ ఆదివారం, రాతిపలక మీంచి దిగుతుండగా ఎడమ ముందు చక్రం గుంతలో పడింది. పట్టీ తెగింది. ఇరుసు ఆ వైపు జానెడు వెనక్కి జరిగింది. చక్రం మెలి తిరిగింది, దానితో స్టీరింగు గిర్రున తిరిగి షారోన్ కుడి మణికట్టును విరిచింది. బండి పక్కకు ఒరిగి బండరాయికి ఆనుకుని ఆగింది. ఆగకపోతే కింద క్వారీ గుంత. గుంపువాళ్ళు ఆమెను ముందు ఆసుపత్రికి పంపి, ఇరుసుకూ చట్రానికీ మధ్య చెక్కదిమ్మ దూర్చి, ఇనుపగొలుసుతో బిగించి, నడక వేగంతో జీపును రోడ్డు దాకా తెచ్చారట. చెక్కదిమ్మ ఏ వైపు పెట్టారో కూడా అడిగి తెలుసుకున్నాను. అలాంటిదాన్ని నేను.

ఆసుపత్రిలో నేను షారోన్‌ను అడిగిన మొదటి మాట, "ఎక్కడ విరిగింది?"

"మణికట్టు దగ్గరత్తయ్యా. ప్లేటు వేస్తారట" అని, ఎడమచేత్తో నా చెయ్యి పట్టుకుంది.

నేను అడిగింది పట్టీ గురించి.

ఈ వాక్యం రాసి, లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాను.

అసలు తప్పు ఇంకా చెప్పలేదు. ఇప్పటిదాకా చెప్పింది ఒప్పుకోవడం కష్టమే. కానీ దీనివల్ల మణికట్టు విరిగిన మనిషి నా ఇంట్లోనే ఉంది, నేను ఆమెకు ఆర్నెల్లు జడ వేశాను, అన్నం కలిపి పెట్టాను. ఏదో చేశాననుకుని నన్ను నేను మోసం చేసుకోవచ్చు. రెండోదానికి ఆ వీలు కూడా లేదు.

షారోన్‌కు కోపం వచ్చింది. న్యాయమైన కోపం. శనివారం నాటి కాగితం తీసింది. తొమ్మిదో గడిలో టిక్కు ఉంది. కింద నా సంతకం ఉంది. శనివారం సాయంత్రం ఏ పగులూ లేని పట్టీ ఆదివారం పొద్దున విరిగిందంటే ఒకటే అర్థం. ఉక్కు పెళుసు. యాదగిరి పదును తప్పాడు. ఆ కాగితం ఫోటో తీసి, ఆ మాట రాసి గుంపు వాట్సాప్‌లో పెట్టింది. పది రోజుల్లో అతని దగ్గరికి పోయే బండ్లు ఆగిపోయాయి. గుంపులో నాకు పేరు ఉండేది. ఒక్క శనివారం కూడా తప్పకుండా జీపు కింద కూర్చునే అత్తగారు. ఆ అత్తగారి టిక్కు మీద ఎవరికీ అనుమానం రాలేదు.

ఒక మధ్యాహ్నం యాదగిరి మా ఇంటికి వచ్చాడు. చేతిలో గుడ్డలో చుట్టిన ఈ ముక్క, గుంపువాళ్ళను అడిగి తెచ్చుకున్నది. షారోన్ హాల్లో సోఫా మీద పడుకుని ఉంది. అతను ఆమెను పలకరించి, నావైపు తిరిగాడు.

"అమ్మా, జర చూడుండ్రి దీన్ని. నేను చదువుకున్నోణ్ణి గాదు. మీకు ఎరుక."

నేను ముక్క అందుకుని, దాదాపు లాక్కుని, కిటికీ దగ్గరికి పరుగెత్తాను. భూతద్దం పెట్టాను. విరిగిన ముఖం రెండు రంగుల్లో ఉంది. అంచు దగ్గర ముదురుగోధుమరంగు, మిగతాదంతా బూడిదరంగులో కొత్త విరుపు. ఆ గోధుమరంగు భాగంలో, అల పోయాక ఇసుక మీద మిగిలే అంచుల్లా, ఒకదాని వెనక ఒకటి చారలు. మొదటి మూడు మిల్లీమీటర్ల తర్వాత లెక్కపెట్టాను. ఏడు. ఏడు ఆదివారాలు. నా డైరీలో ఉన్న ఏడూ అక్కడ ఉక్కు మీద రాసి ఉన్నాయి. చివరి చార దగ్గర స్కేలు పెట్టాను. పద్నాలుగు.

నేను అంత ఆత్రంగా చూస్తుంటే అతను తన కోసమనుకున్నాడు. అతని ముఖంలో ఆశ కనిపించింది.

"ఏమున్నదమ్మా?"

నేను భూతద్దం కిందికి దించాను.

"మీరు శనివారం శనివారం చూస్తరట గద. నేను ఒక్కటే అడుగుత. ఇరగకముందు మీకు పగులు కనవడ్డదా, లేదా? కనవడ్డదంటే, రాళ్ళ దెబ్బలకు పగిలి మెల్లమెల్లగ పోయిందన్నట్టు. గది నా పని తప్పు గాదు. లేదంటే నా ఉక్కే ఖరాబున్నట్టు. ఏదో ఒకటి చెప్పుండ్రి. మీరేదంటే గదే."

అతను అడగవలసిన ప్రశ్నే అడిగాడు. మా కర్మాగారంలో పెద్ద ఇంజనీర్లు కూడా ఇంత సూటిగా అడిగేవారు కారు. సోఫా మీంచి షారోన్ నన్నే చూస్తోంది. టేబుల్ మీద అట్ట ఉంది. అట్ట మీద నా సంతకం ఉంది.

"నేను చూసినప్పుడు లేదు" అన్నాను.

మూడు మాటలు.

"చెప్పాను కదా యాదగిరన్నా" అంది షారోన్, అలసటగా. "మా అత్తయ్య చూశారంటే చూసినట్టే."

అతను ముక్క వైపు చూశాడు. "గట్లనా" అన్నాడు. "మీ కన్ను తప్పదంటరమ్మా. అయితే నా చెవే తప్పినట్టున్నది. నాకు మోగినట్టే ఇనవడ్డది మరి."

టీ ఇచ్చాను. తాగాడు. "చాయ్ మంచిగున్నదమ్మా" అన్నాడు. పోతూ పోతూ ముక్క తీసుకోలేదు. "నా కాడుంటే చూసినప్పుడల్లా పరేషాన్ అయితది. మీరే ఉంచుకోండ్రి" అన్నాడు.

అతను నా మాట నమ్మి తనను తాను నమ్మడం మానేశాడు. నేను ఊహించనిది అది. వాదిస్తాడనుకున్నాను, ఇంకొకరికి చూపిస్తాడనుకున్నాను. ఏడాది తర్వాత ఒకరోజు హైటెక్ సిటీ స్టేషనులో లోకల్ రైలెక్కి బోరబండలో దిగాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కొట్టు ఉన్నచోట కర్రీ పాయింట్ ఉంది. పక్కన టీకొట్టు ఆమెను అడిగాను.

"యాదగిరన్ననా? బంద్ వెట్టిండు. పోయిన మనుషులే రాక కొంత, ఆయనకే మనసొప్పక కొంత. పట్టీ కొడుతుండె, మమ్మల్ని పిలిచి అడుగుతుండె, మోగిందా, మీకు ఇనవడ్డదా అని. మాకు ఇనవడుతుండె. ఆయనకే నమ్మకం లేకుండె."

ఇప్పుడు అతను ఒక ఆఫీసు వాళ్ళ క్యాబ్ నడుపుతున్నాడని షారోన్ చెప్పింది. వాళ్ళ గేటు దగ్గర ఒకసారి కనిపించాడట. ఆమే పలకరించిందట. కోపం పోయింది ఆమెకు. క్షమించానని అంది. ఎవరు ఎవరిని క్షమించారో చూడండి.

ఇక నేను ఏడేళ్ళుగా ఎవరికీ చూపించని లెక్క. మొదటి శనివారం నుంచి పట్టీ తెగిన ఆదివారం దాకా ఆ జీపు తిరిగింది ఆరు వందల నలభై ఒక్క కిలోమీటర్లు. రాళ్ళ మీద, గుంతల్లో. పెళుసు ఉక్కయితే మొదటి మూడు మిల్లీమీటర్లకే, మొదటి ఆదివారమే గాజులా పగిలేది. ఇది వెడల్పులో మూడోవంతు కోల్పోయాక కూడా మోసింది. రేగుపండు రంగు చూసి పదును పెట్టిన ఉక్కు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో నా చేతుల్లోంచి పోయిన ముక్కల్లో ఇంత మంచివి ఎన్ని ఉన్నాయో చెప్పలేను. అతని చెవి తప్పలేదు. ఆ సంగతి రుజువు చేయగలిగే కాగితం లోకంలో ఒక్కటే ఉంది. అది నా డైరీ. నేను తెలుసుకోవాలనుకున్నది తెలుసుకున్నాను. అతని పని గొప్పదని నాకు తెలిసిన రోజునే అతని పని చెడ్డదని చెప్పాను.

చర్చిలో ప్రతి ఆదివారం అందరం కలిసి పాపం ఒప్పుకుంటాం. అందరితో కలిసి చెప్పడం సులువు. ఎవరి పాపం ఏదో ఎవరూ అడగరు. నా గొంతు ఆ గొంతుల్లో కలిసిపోయేది. ఏడేళ్ళలో ఒక్కసారి కూడా తొమ్మిదో గడి అనే మాట నా నోట రాలేదు. పాపాన్ని పగులుతో పోల్చి ఒక మంచి వాక్యం రాయవచ్చు. నాకు ఇష్టం లేదు. పగులుకు తెలియదు. నాకు తెలుసు.

ఇప్పుడు ఎందుకు చెబుతున్నానంటే, మంగళవారం షారోన్ ఇంకో పాత జీపు కొనుక్కుని వచ్చింది. ఏడేళ్ళ తర్వాత. మణికట్టు పూర్తిగా తిరగదు, మూత గట్టిగా ఉన్న సీసా తీయలేదు, కానీ బండి నడపగలనంటుంది. నిన్న సాయంత్రం కొత్త కాగితాలు ప్రింటు తీసి తెచ్చింది. అవే ఇరవై రెండు గడులు.

"అత్తయ్యా, అట్ట ఎక్కడ దాచారండి? శనివారం నుంచి మళ్ళీ డ్యూటీ. మీరు చూశాకే ఆదివారం కదిలేది."

"కళ్ళు తగ్గాయమ్మాయ్" అన్నాను.

"మీ తగ్గిన కళ్ళు చాలు. మెకానిక్కుల కళ్ళ కంటే నయం."

ఈ రోజు శుక్రవారం. ఇంట్లో ఎవరూ లేరు. పొద్దున్నే పాత ఫైలు తీశాను. పదకొండు కాగితాలు. ఒక్కొక్కదానిలో తొమ్మిదో గడిలోని టిక్కు మీద ఒకే గీత కొట్టాను, కిందిది కనిపించేలా. పక్కన రాశాను: పగులు ఉంది, చూశాను, మూడు మి.మీ. సంతకం. ఈ రోజు తేదీ. మిగతావాటిలో మూడు, నాలుగు, నాలుగు, ఐదు, అలా పద్నాలుగు దాకా.

తర్వాత పన్నెండో కాగితం రాశాను. ఆ మధ్యాహ్నం కిటికీ దగ్గర నిలబడి నేను ఇవ్వవలసిన నివేదిక అది. విరిగిన ముఖం వివరాలు, చారల సంఖ్య, కిలోమీటర్లు. చివరి వరుస: ఉక్కులో లోపం లేదు, పదునులో లోపం లేదు, తనిఖీ చేసిన మనిషి అబద్ధం చెప్పింది. దాని మీద యాదగిరి పేరు రాశాను. అతని నంబరు షారోన్ దగ్గర ఉంది. ఆ గుంపులో పెట్టవలసిందీ ఆమే. పెడుతుందో లేదో, పెడితే మాత్రం అతను మళ్ళీ పొయ్యి వెలిగిస్తాడో లేదో నాకు తెలియదు. ఇన్నేళ్ళు క్యాబ్ తోలిన మనిషికి ఒక కాగితం చెవి తిరిగి ఇస్తుందా? నేను ఆశ పెట్టుకోకూడదు. ఆ ఆశ మళ్ళీ నాకోసమే అవుతుంది.

ముక్క తీసి నూనె తుడిచాను. చారలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. భూతద్దం పెట్టి మరోసారి చూడకుండా ఉండలేకపోయాను. చూశాను. ఏడే.

పన్నెండు కాగితాలూ డైరీతో సహా అట్టకు పెట్టాను. వాటి కింద రేపటి ఖాళీ జాబితా. పైన ఈ నాలుగు వందల ముప్ఫై గ్రాములు, గాలికి ఎగిరిపోకుండా. అన్నిటినీ హాల్లో, ఆ రోజు అట్ట ఉన్న టేబుల్ మీదే ఉంచాను. షారోన్ ఆరున్నరకు వస్తుంది. ముందు బ్యాగు పెడుతుంది, తర్వాత అట్ట తీస్తుంది. కుడిచేత్తో తీస్తుందా, ఎడమచేత్తోనా అని ఆలోచిస్తున్నాను. బరువున్నవి ఎడమచేత్తోనే తీస్తుంది.

ఆమె ఏమంటుందో రాయడానికి ఈ కాగితంలో చోటు ఉంచలేదు. రేపటి ఇరవై రెండు గడులు ఎవరు నింపుతారో కూడా తెలియదు. నేను కాకపోవచ్చు. కాకపోవడమే సరి.

ఇప్పుడు నాలుగూ పది. ఏడేళ్ళ తర్వాత మొదటిసారి, నా కాగితం మీద ఉన్నదీ నేను చూసిందీ ఒకటే.